కుడిచేతి వైపు చూడండి

నడుముకి మందుపట్టీ అంటించుకోవడానికి చిజురుకి అద్దం అక్కర్లేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టి, బొటనవేళ్ళతో నొప్పి ఎక్కడుందో తడిమి చూసి, సరిగ్గా అక్కడే పట్టీ వేసి అరచేత్తో అదుముతుంది. ఆ తరువాత కాళ్ళకి బిగుతు మేజోళ్ళు. పిక్కల మీద నరాలు ముడులు పడి ఉబ్బిపోయాయి. ఆ మేజోళ్ళు లేకపోతే మధ్యాహ్నానికి కాళ్ళు బూట్లలో పట్టవు. ఆపైన ముదురునీలం స్కర్టు, కోటు, మెడకి పసుపు రుమాలు, టోపీకి రెండు పిన్నులు, చివరగా మెడలో ఈల. ఉరహామా ఊరినీ చుట్టుపక్కల వింతలనూ తిప్పి చూపించే దర్శన బస్సులో ముప్ఫైతొమ్మిదేళ్ళుగా ఆమె వేషం ఇదే. స్కర్టు కొలత మాత్రం నాలుగుసార్లు పెరిగింది.

ఏడున్నరకి ఆమె డిపో చేరేసరికి డ్రైవరు సుగిమోరి బస్సు కడగడం ముగించి, బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని టీ తాగుతున్నాడు. అరవైఏడేళ్ళ బక్కపలచటి మనిషి. చేతులకి తెల్లటి గ్లవ్సులు అప్పుడే తొడిగేశాడు. బస్సు కుడివైపంతా తళతళలాడుతోంది. ఎడమవైపు మాత్రం, తలుపు పక్కనున్న అద్దం కింద, సముద్రపు పక్షి రెట్ట జానెడు మేర ఎండి అలాగే ఉంది. చిజురు రుమాలు కుళాయి కింద తడిపి, చప్పుడు చెయ్యకుండా దాన్ని తుడిచేసింది.

"ఇంకా ఉందా?" అన్నాడు సుగిమోరి, అటు చూడకుండానే.

"ఏం లేదులెండి. దుమ్ము."

"అబద్ధమాడేటప్పుడు నీ గొంతు మైకులోలాగా తియ్యగా అయిపోతుంది చిజురూ."

ఆమె నవ్వలేదు. నవ్వాలంటే పొద్దున్నే బడలికగా ఉంటోంది ఈమధ్య. ప్రయాణికుల కోసం దాచుకోవాలి కదా ఆ నవ్వు.

సంగతి ఆమెకి అక్టోబరు నుంచీ తెలుసు. కన్నోన్ కొండ కింద బస్సు ఆపి, జనమంతా గుడిమెట్లు ఎక్కుతుండగా సుగిమోరి తనంతట తానే చెప్పాడు. "ఎడమపక్కంతా మబ్బు పట్టిపోయిందమ్మా. సూటిగా చూస్తే అన్నీ కనిపిస్తాయి. పక్కన ఉన్నదే కనపడి చావదు. మార్చి ఆఖరుకి ఎలాగూ నా గడువు తీరిపోతుంది. అందాకా ఎవరితోనూ అనకు. ఎడమపక్క నువ్వు చూసుకో." మార్చి ఆఖరి రోజున దిగిపోయే డ్రైవరుకి డిపోలో అందరూ వరుసగా నిలబడి తలవంచుతారు, పూలగుత్తి ఇస్తారు. నలభైరెండేళ్ళు బస్సు తోలినవాడికి ఆ కాస్త మర్యాదా దక్కకుండా చెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? చిజురు సరేనంది. అందులో ఆమె స్వార్థమూ లేకపోలేదు. కొత్త డ్రైవర్ల బస్సుల్లో ఊరి కబుర్లన్నీ రికార్డు చేసిన గొంతే చెబుతుంది. ఈయన దిగిన రోజున ఆమె కూడా దిగినట్టే.

అప్పట్నించీ మలుపు వచ్చినప్పుడల్లా ప్రయాణికులకి వీపు పెట్టి ముందుకి తిరిగి, అడ్డం ఏ పక్కనుంటే ఆ పక్క పేరు చెబుతూ, ఆయన ఎడమకన్ను పని ఈమె చేస్తోంది. ఇంటికెళ్ళాక కళ్ళు మూస్తే చాలు, ఎక్కడెక్కడి సైకిళ్ళూ పిల్లలూ కుక్కలూ అడ్డం వచ్చేస్తున్నారు.

ఆ రోజు ఎక్కినవాళ్ళు ఇరవైఎనిమిది మంది. కొండప్రాంతం నుంచి వచ్చిన ముసలివాళ్ళ సంఘం. అందరి మెడల్లోనూ ఒకేరకం తువ్వాళ్ళు. ఎక్కీఎక్కగానే చిప్స్ పొట్లాలు విప్పి ఒకళ్ళకొకళ్ళు పంచుకోవడం మొదలెట్టారు. ముందు సీట్లో ఎర్రటోపీ ముసలాయన కూర్చున్నాడు. కూర్చున్న దగ్గర్నుంచీ నోరు ఊరుకోదు.

"ఏమ్మాయ్, నీకు పెళ్ళయిందా?"

"ఈ బస్సుతోనే అయిందండీ. సవతులు కూడా ఉన్నారు, డిపోలో మూడు బస్సులు."

బస్సంతా గొల్లుమంది. ఇదే జవాబు ఇరవైఏళ్ళుగా చెబుతోంది. నిజానికి పెళ్ళిమాట ఒకసారి వచ్చింది. వలల కొట్టు నడిపే అతను. ఉద్యోగం మానెయ్యమన్నాడు. ఈ ఒక్క వేసవీ కానివ్వండి అంది. వేసవి అయ్యేలోపే అతను వేరే పిల్లని చూసుకున్నాడు. అంతకుమించి ఆ కథలో ఏమీ లేదు.

ఎర్ర ఇటుక గిడ్డంగుల దగ్గర బస్సు మెల్లగా సాగింది. చిజురు ప్రయాణికుల వైపు తిరిగి, మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని ఎడమచేయి ఎత్తింది.

"అందరూ ఒక్కసారి కుడిచేతి వైపు చూడండి."

ఇరవైఎనిమిది తలలు కుడికి తిరిగాయి.

"ఏమిటండీ, కిటికీలోకి చూస్తారు? మీ కుడిచెయ్యి చూడమన్నాను. అందులో అన్నిటికంటే ఎత్తుగా కనబడేది మధ్యవేలు!"

చేరిన కొత్తలో పెద్దగైడు నేర్పిన హాస్యం. దేశంలో ప్రతి బస్సులోనూ అరిగిపోయినదే. అయినా ముసలివాళ్ళు పగలబడి నవ్వారు. ఎర్రటోపీ ఆయన నిజంగానే తన మధ్యవేలు ఎత్తి పక్కావిడకి చూపించి చీవాట్లు తిన్నాడు.

జనానికి ఎదురుగా నిలబడే పని కనుక ఆమె ఎడమచేయి వాళ్ళకి కుడివైపు. చెయ్యి ఎడమది ఎత్తాలి, నోటితో కుడి అనాలి. రోజుకి యాభైసార్లు చొప్పున ముప్ఫైతొమ్మిదేళ్ళు అలా అని అని, అది ఒంట్లో ఇంకిపోయింది. పళ్ళ డాక్టరు దగ్గర కుడివైపు పన్ను నొప్పి అని ఎడమబుగ్గ చూపిస్తే, ఆయన నవ్వి బుగ్గనే నమ్మాడు. దారి అడిగినవాళ్ళని ఎన్నిసార్లు చేపలబజారుకి బదులు శ్మశానానికి పంపిందో! కానీ అదంతా బయట. బస్సు విషయంలో మాత్రం తను ఎన్నడూ పొరబడలేదని ఆమెకి గట్టి నమ్మకం. వెనక నిలబడి ఈల ఊది, కుడికనీ ఎడమకనీ కేకలు వేసి బస్సుని వెనక్కి నడిపించడం కూడా ఆమె పనే. సుగిమోరితో జతపడిన ఇరవైఆరేళ్ళలో బస్సు వెనక ఒక్క గీత పడలేదు. పైకి అనదు గానీ, తన జీవితంలో గొప్పగా చెప్పుకోవడానికి ఏమైనా ఉంటే అదేనని అనుకుంటుంది.

కన్నోన్ కొండమీద గుడి చూశాక బస్సు తీరం వెంబడి తోబిసాకి దీపస్తంభం దారి పట్టింది. దారిలో ఇసోబె అనే జాలరిపల్లె. రోడ్డుకి అటూ ఇటూ తాళ్ళకి చీల్చిన స్క్విడ్ చేపలు ఆరేసి ఉన్నాయి. ఎండ పడి అవి తెల్లగా మెరుస్తున్నాయి. పోస్టుడబ్బా రాగానే చిజురు మాట ఆపేసి ముందుకి తిరగాలి. అక్కడ చేపలపాక మూలన బస్సు ఎడమకి మళ్ళుతుంది. రోజూ ఆమె అలా ముందుకి తిరుగుతుంది. ఆవేళ రెండో వరసలో ఓ ముసలమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయీ, నీ యాస విన్నట్టుగా ఉందే. నువ్వు మా కొండల పిల్లవేనా?"

ఎన్నేళ్ళయిందో ఆ మాట ఎవరైనా అడిగి. పంతొమ్మిదేళ్ళప్పుడు, సముద్రమన్నది బొమ్మలో తప్ప చూడకుండా, ఒక చిన్న పెట్టెతో ఈ ఊళ్ళో దిగింది. అమ్మని ఒకేఒక్కసారి ఈ బస్సులోనే తిప్పింది. ఆవిడ గిడ్డంగుల దగ్గర కునుకు మొదలుపెట్టి దీపస్తంభం దాకా నిద్రపోయింది. లేచి, "నీ గొంతు వింటుంటే హాయిగా నిద్ర పట్టేసిందే" అంది. సముద్రం చూడకుండానే పోయింది మహాతల్లి. ఆ సంగతి చెబుదామని చిజురు నోరు తెరిచింది. అంతలో పోస్టుడబ్బా దాటిపోయింది.

ఆమె గిరుక్కున తిరిగేసరికి బస్సు అప్పటికే ఎడమకి వంగుతోంది. ఎడమ మూలకి, దాదాపు చక్రం ముందుకి, నడుం వంగిన ముసలిది ఒకతె చేతిబండి తోసుకుంటూ వస్తోంది. బండి నిండా సముద్రపు నాచు.

"కుడి! సుగిమోరి గారూ, కుడి!"

బస్సు కీచుమని ఆగింది. జనం ముందుకి తూలారు. చిప్స్ పొట్లాలు కింద పడ్డాయి. ముసలిదాని బండికీ బస్సుకీ మధ్య జానెడు కూడా లేదు. ఆవిడ బెదరలేదు సరికదా, తలెత్తి లంకించుకుంది.

"ఏరా సుగిమోరీ! నన్ను కూడా ఎక్కించుకుని పైలోకం చూపిద్దామనుకున్నావా? టిక్కెట్టు కొనలేదురా నేను!"

"తప్పయిపోయింది పిన్నీ" అంటూ సుగిమోరి కిటికీలోంచి తలవంచాడు. బస్సులో అందరూ నవ్వారు. ముసలిది దాటేదాకా ఆయన బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.

"అదేంటమ్మాయ్, నువ్వేమో..." అని ఎర్రటోపీ ఆయన ఏదో మొదలుపెట్టాడు. చిజురు వినిపించుకోకుండా మైకు తీసుకుని, స్క్విడ్ ఎండబెట్టే పద్ధతి గురించి తియ్యగా చెప్పడం సాగించింది.

దీపస్తంభం దగ్గర బస్సు ముక్కు రాతిగోడకి ఆనేలా ఆగింది. జనం భోజనశాలలోకి వెళ్ళారు. లోపలినుంచి కాల్చిన చేప వాసన వస్తోంది. చిజురు దీపస్తంభం వెనక్కి వెళ్ళింది. అక్కడ గాలి హోరుకి మాట వినపడదు, కానీ మనుషులు ఉండరు. ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. చెబితే ఆయనకి మార్చి లేదు, పూలగుత్తి లేదు. చెప్పకపోతే రేపు ఆ జానెడు కూడా ఉండదు. ఆయన ఎడమకన్ను తనే అని ఇన్నాళ్ళూ విర్రవీగింది. ఆ కన్ను ఇవాళ కబుర్లలో పడి పక్కకి చూసింది. రేపు కాళ్ళనొప్పి వచ్చి చూస్తుంది, ఎల్లుండి నిద్ర చాలక చూస్తుంది. తనకీ యాభైఎనిమిది నిండాయి.

మేనేజరు నిషిగాకి ఆమెకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు. ఫోనులో అంతా విన్నాడు.

"ఎప్పట్నించండీ ఇది?"

"అక్టోబరు నుంచి."

"అంటే మీకు తెలిసే..."

"తెలిసే."

"చిజురు గారూ, ఇది మీ మీదికి కూడా వస్తుంది."

"రానివ్వండి" అంది. ఆ మాట అనేశాక రాతిమెట్టు మీద కూర్చుండిపోయింది.

సుగిమోరి బస్సు పక్కన బల్లమీద అన్నండబ్బా ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఆయనే అందుకున్నాడు.

"ఫోన్ చేశావా?"

"చేశాను."

"ఎవర్ని పంపుతున్నారు?"

"కాన్నోని. గంటలో వస్తాడట. అతన్ని దింపిన కారులోనే మిమ్మల్ని తీసుకెళతారు."

ఆయన తలూపి, మిగిలిన రెండు ముద్దలూ తిని, డబ్బా మూత పెట్టాడు. "మంచి కుర్రాడే. బ్రేకు మరీ గట్టిగా తొక్కుతాడు. ముసలివాళ్ళున్నారని చెప్పు."

"నన్ను తిట్టండి సుగిమోరి గారూ."

"దేనికి?"

"మాటిచ్చి తప్పాను."

"నేనా మాట అడగడమే తప్పు. ఆ పిన్ని కొడుకు నాతో బళ్ళో చదువుకున్నాడు, తెలుసా? ఆవిణ్ణి తొక్కేసి మార్చిలో పూలు పట్టుకుని నవ్వేవాణ్ణా?" సంచిలోంచి ఒక పెర్సిమన్ పండు తీసి, చాకుతో రెండు ముక్కలు చేసి, పెద్దముక్క ఆమెకిచ్చాడు. "తిను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు నువ్వు."

ఇద్దరూ సముద్రం వైపు చూస్తూ పండు తిన్నారు. ఆయన గింజలు కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

"చిజురూ, కాన్నోతో బస్సు వెనక్కి తీసేటప్పుడు..."

"ఊఁ?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఒక క్షణం ఏదో చెప్పబోయాడు. "ఏంలేదు. జాగ్రత్త" అన్నాడు.

కారు వచ్చింది. కాన్నో దిగి మూడుసార్లు తలవంచాడు. సుగిమోరి తన దిండూ టీ ఫ్లాస్కూ తీసుకున్నాడు. గ్లవ్సులు విప్పి మడిచి జేబులో పెట్టుకున్నాడు. బస్సు ముందుకి వెళ్ళి, టోపీ తీసి, నడుం నుంచీ వంగి నమస్కారం చేశాడు. ఎవరూ వరుసగా నిలబడలేదు. భోజనశాల పిల్లి ఒకటి మాత్రం గోడ మీంచి చూసింది. వెళుతూ వెళుతూ ఆయన, ఊళ్ళో పని ముగించుకునేవాళ్ళంతా సాయంత్రం ఒకళ్ళతో ఒకళ్ళు అనుకునే మాటే అన్నాడు.

"బాగా అలసిపోయావమ్మా."

రోజూ ఆమె జవాబు "మీరూ అలసిపోయారండీ". ఇరవైఆరేళ్ళుగా నోటికి ఆలోచనే అక్కర్లేని ఆ జవాబు ఆవేళ పెదవి దాటలేదు. కారు మలుపు తిరిగాక పైకి అంది. అప్పుడు వినడానికి గాలి తప్ప ఎవరున్నారు?

భోజనాలయ్యాయి. ముసలివాళ్ళు ఎక్కారు. డ్రైవరు మారాడన్న సంగతి ఎవరికీ పట్టలేదు. చిజురు బస్సు వెనక నిలబడి ఈల ఊదింది. రెండు పొట్టివి: రావచ్చు. ఎడమమూల దగ్గర మోకాలెత్తు రాయి ఒకటుంది. రోజూ ఉండేదే. బస్సు కొంచెం కుడికి జరిగితే సరిపోతుంది. ఆమె కుడిచెయ్యి ఊపుతూ కేకేసింది.

"ఎడమకి! ఇంకొంచెం ఎడమకి!"

రేకు రాయికి రాసుకున్న చప్పుడుకి ముసలివాళ్ళంతా వెనక్కి తిరిగారు. ఈల నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఊదేసరికే ఆలస్యమైపోయింది. బస్సు నీలిరంగు మీద జానాబెత్తెడు తెల్లటి గీత.

కాన్నో పరుగున దిగాడు. "ఎడమకే కదండీ తిప్పాను!"

"కుడికి రమ్మంటే..." అని చిజురు ఆగిపోయింది.

కిటికీలోంచి ఎర్రటోపీ తల బయటికి వచ్చింది. "కుర్రాణ్ణనకమ్మాయ్! నువ్వు ఎడమనే అన్నావు, నేను విన్నాను. పొద్దున కూడా ఇంతే. ముసలిది ఎడమపక్కనుంటే కుడి కుడి అని అరిచావు. ఆ పెద్దాయన కాబట్టి నీ మాట వినకుండా ఎడమకి చూసి బ్రేకేశాడు!"

చిజురు క్షమించమని అందరికీ తలవంచింది. కాన్నోకి తలవంచింది. బస్సెక్కి మైకు పట్టుకుంది. నవ్వు ముఖం ఎలా పెట్టిందో ఆమెకే తెలియదు. పొద్దున ఆయన ఎడమకి చూశాడా? తను కుడి అంటే? మరి నిన్న? ఇరవైఆరేళ్ళూ?

తిరుగుదారిలో సముద్రంలో రెండు స్తంభాల మీద నిలబడిన గుడి ఎర్రతోరణం వస్తుంది. అలలు దాని కాళ్ళని కొడుతుంటాయి. చూడవలసిన వాటిలో ఆఖరిది అదే. తోరణం కనబడింది. మైకు పట్టుకున్న చిజురు రెండోచెయ్యి ఎత్తబోయి ఆగిపోయింది. ఏ చెయ్యి ఎత్తాలి? ఏ మాట అనాలి? ముప్ఫైతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆలోచించవలసి వచ్చింది. ఆలోచిస్తే ఏదీ తోచలేదు.

"అదిగో, తోరణం" అంది చివరికి. అందరూ చూశారు. చేతి అవసరమే రాలేదు.

పొద్దు వాలి ఎండ అద్దంలోంచి సూటిగా కళ్ళలో పడుతోంది. కాన్నో చెయ్యెత్తి తలపైనున్న ఎండపలకని కిందికి దించాడు.

"ఇక్కడేదో టేపు అంటించి ఉందండీ. ఏదో రాశారు. పీకేయనా?"

"ఉండు" అంది చిజురు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ముందుకి వంగింది.

సుగిమోరి చేతిరాతే. పాతికేళ్ళ కిందటి రాత, ఇప్పటికన్నా నిటారుగా ఉంది. సిరా గోధుమరంగుకి తిరిగింది. ఊడినప్పుడల్లా పైన కొత్త టేపు వేస్తూ వచ్చినట్టున్నాడు, మూడు నాలుగు పొరలున్నాయి.

*చిజురు కుడి అంటే ఎడమ. ఎడమ అంటే కుడి. ఏమీ అనకు.*

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. వెనక ఇరవైఎనిమిది మంది ఉన్నారు. ప్రయాణికుల వైపు తిరగకుండా, మైకు మూసి పట్టుకుని, అలాగే ముందుకి చూస్తూ నిలబడింది. ఇరవైఆరేళ్ళపాటు తను చేసిన తప్పుని రోజూ సరిదిద్దుతూ ఆయన ఒక్కమాట అనలేదు. ఆయన తప్పుని తను ఒక్క రెండునెలలు మొయ్యలేకపోయింది. చెప్పడం న్యాయమే, ఆ ముసలిది ఇంటికి చేరింది, అదీ ఆమెకి తెలుసు. అయినా ఏడుపు ఆగలేదు.

"పీకొద్దు" అంది కాసేపటికి. "ఎండ తగ్గాక పైకి మడిచెయ్యి, చాలు."

బస్సు తీరం మలుపు తిరిగింది. ఎండపలక మీద పసుపుపచ్చబడ్డ ఆ టేపు ముక్క, ఒక మూల కొంచెం లేచి, బస్సు అదిరినప్పుడల్లా సన్నగా కదులుతోంది.